క్యాంపస్ నెట్‌వర్క్‌లో నా పీసీకి పేరు వచ్చింది, పిలిస్తే మాత్రం పలకడం లేదు

పాకాల_జంక్షన్
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్ని. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు. ఈ ఊళ్లో రాయి విసిరితే ఏదో ఒక యూనివర్సిటీ గోడకే తగులుతుంది. నాది స్టాటిస్టిక్స్, వర్షపాతం మీద పని. నెట్‌వర్కింగ్‌లో నాకు తెలిసింది వైఫై పాస్‌వర్డ్ వరకే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా, నవ్వుకున్నా పర్లేదు గానీ జవాబు చెప్పి పుణ్యం కట్టుకోండి.

ల్యాబ్‌లో నా డెస్క్‌టాప్ మీద ఒక మోడల్ నడుస్తుంది. ఒక్కోసారి పది, పదకొండు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదున్నరకి ల్యాబ్‌కి తాళం వేస్తారు. మా లేడీస్ హాస్టల్ గేటు ఎనిమిదికి మూసేస్తారు. రాత్రి తొమ్మిదింటికి మోడల్ ఏదో చిన్న ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే నాకు తెలిసేది మర్నాడు పొద్దున పదింటికి. పోయిన నెలలో ఇలా నాలుగు రాత్రులు దండగైపోయాయి. అందులో ఒకటి కేవలం ఒక కామా వల్ల. గేటు టైమింగ్స్ గురించి మొదలుపెడితే అది ఇంకో పెద్ద పోస్టు, దాన్ని వదిలేస్తున్నా.

మా సీనియర్ ఒకాయన, "కంప్యూటర్ సెంటర్‌లో ఫారం ఇస్తే పీసీకి ఒక పేరు, ఒక ఫిక్స్‌డ్ ఐపీ ఇస్తారు. హాస్టల్ నుంచి ఆ పేరు కొట్టి రిమోట్ డెస్క్‌టాప్‌లోకి పోవచ్చు" అన్నాడు. ఫారం తెచ్చుకున్నా. రెండు పేజీలు. గది నంబరు, గోడ మీది ల్యాన్ పాయింట్ నంబరు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి తయారీలోనే వచ్చే నంబరట), కావలసిన పేరు, గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం. హెచ్‌ఓడీ గారు ఆ వారమంతా సెలవు.

మొదటిసారి పేరు గడిలో 'రెయిన్' అని రాసి, అండర్‌స్కోర్ పెట్టి 'ల్యాబ్' అని రాశా. తిప్పి పంపారు. ఎర్ర ఇంకుతో దాని చుట్టూ సున్నా చుట్టి 'చెల్లదు' అన్నారు, ఎందుకో రాయలేదు. మళ్లీ ఫారం, మళ్లీ రెండు సంతకాలు. ఈసారి 'కల్యాణి' అని రాశా. మా డిపార్ట్‌మెంట్‌లో పీసీలకి ఎప్పుడో ఎవరో ఏడుకొండల పేర్లు పెట్టారు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వెంకటాద్రి. నాది ఎనిమిదో పీసీ, కొండలు అయిపోయాయి. వర్షం మీద పని కదా అని ఊరికి నీళ్లిచ్చే కల్యాణి డ్యామ్ పేరు పెట్టుకున్నా. దీనికి ఒప్పుకున్నారు. తొమ్మిది రోజులకి మెయిల్ వచ్చింది, పేరు రిజిస్టర్ అయింది, ఐపీ 10.20.6.45 అని.

ఇప్పుడు అసలు సమస్య. ల్యాబ్‌లో పక్క పీసీ నుంచి కల్యాణికి పింగ్ (అవతలి మిషన్ పలుకుతుందా అని చూసే కమాండ్) కొడితే పేరు గుర్తుపడుతోంది, 10.20.6.45 అని చూపిస్తోంది, ఆ తర్వాత 'రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్' అని నాలుగుసార్లు వచ్చి ఆగిపోతోంది. నా పీసీలో చూస్తే దాని ఐపీ 10.20.6.132. హాస్టల్‌కొచ్చి ల్యాప్‌టాప్‌లో కొడితే ఆ పేరుతో ఏదీ లేదంటోంది. విండోస్ సెట్టింగ్స్‌లోకి పోయి పీసీ పేరు కూడా కల్యాణి అని మార్చి రీస్టార్ట్ చేశా. ఏమీ మారలేదు.

కంప్యూటర్ సెంటర్‌కి పోతే "మా వైపు అంతా కరెక్టే మేడం" అని స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. నిజమే, నా పేరు, కల్యాణి, 45, అన్నీ ఉన్నాయి. వాళ్ల వైపు అంతా కరెక్టే, నా వైపు అంతా కరెక్టే. మరి తప్పు ఎక్కడున్నట్టు?

రేణిగుంట_రాజు
ఆదివారం, రాత్రి 10:05

దీనికింత టెన్షన్ ఎందుకక్కా. అడాప్టర్ సెట్టింగ్స్‌లోకి పోయి ఐపీ 45 అని నువ్వే కొట్టెయ్. మాస్క్, గేట్‌వే ఇప్పుడున్నవే పెట్టు. రెండు నిమిషాల పని. మా కాలేజీలో మేం అట్లే చేసేవాళ్లం.

ఎయిర్‌బైపాస్
ఆదివారం, రాత్రి 10:31

రాజూ, గమ్మునుండబ్బా. క్యాంపస్‌లో నెట్‌వర్క్ స్విచ్‌లు తేడా కనిపెడితే ఆ ల్యాన్ పాయింటే మూసేస్తాయి. అప్పుడు అక్కకి ఇంకో ఫారం, ఇంకో రెండు సంతకాలు.

మేడం, నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తా. మా టీమ్‌లో ఇలాంటి వాటికి టెయిల్‌స్కేల్ లాంటిది వాడతాం. రెండు మిషన్లలో ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అయితే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి, పేరు కూడా అదే ఇస్తుంది. కాకపోతే యూనివర్సిటీ మిషన్‌లో ఇలాంటివి పెట్టొచ్చో లేదో ముందు అడిగి తెలుసుకోండి. కొన్నిచోట్ల అడగకుండా పెడితే ఊరుకోరు. పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకోవడమే మేలు.

పాత_సర్వర్_గది
సోమవారం, ఉదయం 6:20

అమ్మా, నేను ఒక క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బైరాగిపట్టెడలో మనవడికి ఎక్కాలు చెప్పుకుంటున్నాను. నీ పోస్టు చదువుతుంటే మళ్లీ కౌంటర్ వెనక కూర్చున్నట్టుంది. నేనూ ఎన్నో ఫారాలు తిప్పి పంపాను, కారణం రాయకుండా పంపినవీ ఉన్నాయి. నలభై ఫారాల్లో అదే తప్పు చూశాక నలభై ఒకటో దానికి చెప్పే ఓపిక ఉండదు. అయినా తప్పు తప్పే. ఆ కారణం ఇప్పుడు నేను చెబుతాను.

హోస్ట్‌నేమ్‌లో, అంటే మిషన్ పేరులో, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, ఇవే ఉండాలి. ఇది 1985లో ఆర్ఎఫ్‌సీ 952లో రాసుకున్న నియమం. ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలు. అప్పుడు మొదటిది అక్షరమే కావాలన్నారు, 1989లో ఆర్ఎఫ్‌సీ 1123 వచ్చి అంకెతో మొదలుపెట్టినా సరే అంది. హైఫన్ మొదట్లో, చివర్లో రాకూడదు. చుక్కకీ చుక్కకీ మధ్య ముక్క 63 అక్షరాలు దాటకూడదు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. అండర్‌స్కోర్‌ని డీఎన్ఎస్‌లో, అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే వ్యవస్థలో, వేరే రకం రికార్డులకి వాడతారు, మిషన్ పేరులో పనికిరాదు. నువ్వు అండర్‌స్కోర్ బదులు హైఫన్ పెట్టి ఉంటే మొదటిసారే పాసయ్యేది. అయినా కల్యాణి ఇంకా బాగుంది.

ఇక నీ సమస్య. ఇక్కడ 'పేరు' అంటే ఒకటి కాదు, అక్కడే అందరూ పొరబడతారు. తిరుపతిలో ప్రతి మూడో ఇంటి గేటు మీద 'శ్రీనివాస నిలయం' అని ఉంటుంది కదా. నువ్వూ ఒక బోర్డు చేయించి తగిలించుకున్నావనుకో, అంతమాత్రాన పోస్ట్‌మ్యాన్‌కి నీ ఇల్లు తెలుస్తుందా? విండోస్ సెట్టింగ్స్‌లో నువ్వు మార్చింది ఆ బోర్డు. క్యాంపస్ డీఎన్ఎస్‌లో కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఎక్కించింది పోస్టాఫీసు రిజిస్టర్. కల్యాణి అంటే 10.20.6.45 అని అందులో రాసి ఉంది. అంతవరకు సరే. ఆ 45 నంబరు ఇంట్లో నువ్వు కాపురం ఉన్నావా లేదా అన్నది మూడో సంగతి, అది డీహెచ్‌సీపీ చూసుకుంటుంది. నీ మిషన్ ఆన్ అయినప్పుడు 'నాకో అడ్రస్ ఇవ్వండి' అని అడుగుతుంది. సర్వర్ దాని మ్యాక్ అడ్రస్ చూసి, పట్టికలో ఉంటే రాసిపెట్టిన అడ్రస్ ఇస్తుంది, లేకపోతే అందరికీ ఇచ్చే గుంపులోంచి ఒకటి తీసి ఇస్తుంది. నీకు 132 వచ్చిందంటే సర్వర్ నిన్ను గుర్తుపట్టలేదన్నమాట. 45 నీకోసం తాళం వేసి పెట్టారు, నువ్వు వెళ్లి వేరే గదిలో ఉంటున్నావు. ఉత్తరాలన్నీ తాళం వేసిన గదికి పోతున్నాయి.

గుర్తుపట్టకపోవడానికి నేను చూసిన కారణాలు మూడే. నీ పీసీలో వైఫై కార్డు కూడా ఉంటే దానికో మ్యాక్, ల్యాన్ కార్డుకో మ్యాక్, ఫారంలో ఒకటి రాసి ఇంకోటి వాడుతుండొచ్చు. లేదా వైఫైలో రాండమ్ అడ్రస్ ఆన్ అయి ఉండొచ్చు, ఫోన్లలో ఈ గొడవ ఎక్కువ. లేదా మ్యాక్ అడ్రస్ ఎక్కించడంలోనే తప్పు దొర్లి ఉండొచ్చు. నువ్వు చేయవలసిందల్లా, నీ పీసీలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి, ఈథర్నెట్ కింద ఫిజికల్ అడ్రస్ అని ఉన్న పన్నెండు అక్షరాల్ని మెయిల్‌లో ఉన్నదానితో పోల్చు. చూపుతో కాదు, ఒక్కో అక్షరం పైకి చదువుతూ పోల్చు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదివించినా మంచిదే.

హాస్టల్‌లో పేరే దొరకడం లేదన్నది వేరే జబ్బు. దానికి ల్యాప్‌టాప్‌లో ఎన్ఎస్‌లుకప్ (పేరుకి అడ్రస్ వెతికే కమాండ్) అని కొట్టి పక్కన కల్యాణి పూర్తి పేరు రాయి. పూర్తి పేరంటే చివర ఏసీ డాట్ ఇన్ దాకా. ఈ ఏసీ డాట్ ఇన్ పేర్లు దేశమంతటికీ ఎర్నెట్ ఇండియా ఇస్తుంది. ఆ పేరు వరకు వాళ్ల లెక్క, దానికి ఎడమ పక్కన ఏం చేర్చుకోవాలన్నది క్యాంపస్ ఇష్టం. ఎన్ఎస్‌లుకప్ కొట్టగానే మొదట 'సర్వర్' అని ఒక లైను వస్తుంది. అందరూ దాన్ని వదిలేసి కింద జవాబు చూస్తారు. నువ్వు ఆ పై లైనే చూసి ఇక్కడ రాయి.

రాజూ, నీకొక మాట. ఒకసారి మా హాస్టల్లో ఒక అబ్బాయి నీలాగే చేత్తో అడ్రస్ కొట్టాడు. కొట్టింది గేట్‌వే అడ్రస్, అంటే అందరూ బయటికి పోయే ద్వారం అడ్రస్. మూడో అంతస్తు మొత్తానికి నెట్ పోయింది. ఆ రోజే పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. ఆ పిల్లలంతా వచ్చి నా కౌంటర్ ముందు నిలబడ్డారు.

రేణిగుంట_రాజు
సోమవారం, ఉదయం 8:47

సారీ సార్. అది నేను కాదు.

తిరుచానూరు_రోడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:15

పేరు గురించి ఒక మాట చెప్పొచ్చా. కల్యాణి అని డ్యామ్ పేరు పెట్టుకుని మంచి పని చేశారు. మీ సొంత పేరు పెట్టలేదు. నేను పీజీ చేసేటప్పుడు నా ల్యాప్‌టాప్‌కి నా పేరు, ఇంటి పేరు కలిపి పెట్టుకున్నా. ఒకరోజు లైబ్రరీలో చదువుకుంటుంటే ఎవరో అబ్బాయి వచ్చి ఇంటి పేరుతో సహా పిలిచి, "మీ ఫోల్డర్ షేరింగ్ ఓపెన్‌గా ఉంది మేడం" అన్నాడు. మంచికే చెప్పాడేమో. కానీ అతనికి నేనెవరో తెలియదు, నా ల్యాప్‌టాప్ పేరు వైఫైలో అందరికీ కనిపిస్తోంది కాబట్టి తెలిసింది. హాస్టల్‌కొచ్చి మొదట చేసిన పని ఆ పేరు మార్చడం. ఫోన్ల హాట్‌స్పాట్ పేర్లు కూడా చూసుకోండి అమ్మాయిలూ. 'ఫలానా గారి ఫోన్' అని బస్సులో అందరికీ కనిపిస్తుంటుంది.

పాత_సర్వర్_గది
సోమవారం, మధ్యాహ్నం 2:02

బాగా చెప్పావమ్మా. మిషన్‌కి సొంత పేరు పెట్టొద్దని 1990లోనే ఆర్ఎఫ్‌సీ 1178లో రాశారు. అది అచ్చంగా కంప్యూటర్‌కి పేరు ఎలా పెట్టాలి అనే దాని మీదే రాసింది. అప్పుడు చెప్పిన కారణం వేరు, మనిషి పేరు, మిషన్ పేరు ఒకటే అయితే ఎవరి గురించి మాట్లాడుతున్నామో తికమక అవుతుందని. నువ్వు చెప్పిన బాధ గురించి 2017లో ఇంకోటి రాశారు, ఆర్ఎఫ్‌సీ 8117. మిషన్ పేరు ఊరూరా మోసుకెళ్తే మనిషి జాడ తెలిసిపోతుందని.

ఆ 1178లోనే ఇంకో మంచి మాట ఉంది. రెండు మూడు రకాలుగా స్పెల్లింగ్ రాయగలిగే పేరు పెట్టొద్దని. వాళ్లు ఇంగ్లిష్ వాళ్లకి చెప్పారు గానీ, అది అసలు మన తెలుగువాళ్లకి కదా చెప్పాల్సింది! ఆ వృషభాద్రి మిషన్‌కి లాగిన్ అయ్యేవాళ్లని అడిగి చూడు. వీ ఆర్ ఐ అని మొదలుపెట్టాలా, వీ ఆర్ యూ అనా? మధ్యలో షకి ఎస్ ఒకటా, ఎస్ హెచ్చా? మా దగ్గర లక్ష్మి అని ఒక ప్రింట్ సర్వర్ ఉండేది, దానికి ఎక్స్‌తో రాసే లక్ష్మి, కేఎస్‌హెచ్‌తో రాసే లక్ష్మి అని రెండు పేర్లు ఇవ్వవలసి వచ్చింది. డీఎన్ఎస్‌లో దాన్ని సీనేమ్ అంటారు, ఒకే మనిషికి రెండు ముద్దుపేర్లు అన్నమాట. కల్యాణికి కూడా ఎల్ తర్వాత వైయే రాశావు కదా?

మదనపల్లె_టమాటా
సోమవారం, మధ్యాహ్నం 3:40

స్పెల్లింగ్ గోలే లేకుండా తెలుగులోనే రాసుకోకూడదా సార్? డాట్ భారత్ అని తెలుగు లిపిలో ఉంది కదా.

ఎయిర్‌బైపాస్
సోమవారం, సాయంత్రం 4:11

ఉంది. కానీ లోపల అది తెలుగులో వెళ్లదు. ఎక్స్ఎన్, రెండు హైఫన్లు, ఆ తర్వాత అర్థంకాని అక్షరాల వరసగా మారి వెళ్తుంది. బ్రౌజర్ మళ్లీ తెలుగు చేసి చూపిస్తుంది. మేడం గారి ఫారంలో అండర్‌స్కోర్‌కే ఎర్ర ఇంకు పడింది, తెలుగులో రాస్తే ఇంకెంత ఇంకు పడుతుందో.

పాకాల_జంక్షన్
సోమవారం, రాత్రి 8:35

సార్, దొరికింది!

పొద్దున ల్యాబ్‌కి పోగానే ఐపీకాన్ఫిగ్ కొట్టా. మా జూనియర్ని పక్కన కూర్చోబెట్టి మెయిల్ చదవమన్నా, నేను స్క్రీన్ చదివా. పది అక్షరాల వరకు ఇద్దరం ఒకటే అన్నాం. చివరి జతలో తను "88" అంది, నేను "8బీ" అన్నా. మళ్లీ చదివాం. మళ్లీ తను 88, నేను 8బీ. ఫారం ఇచ్చేముందు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నా, అది తెరిచి పెద్దది చేసి చూశా. సార్, నా చేతిరాతలో ఆ బీ చూస్తే నాకే ఎనిమిదిలా కనిపించింది. నిలువు గీత వంకర పోయింది, పైనా కిందా మూసుకుపోయింది. వాళ్లు ఎనిమిది అని ఎక్కించడంలో వాళ్ల తప్పేమీ లేదు. రెండు వారాలు కాళ్లరిగేలా తిరిగింది నా అక్షరం కోసం.

ఇంకా నయం, "మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది" అని ఆ రోజు సెంటర్‌లో గట్టిగా మాట్లాడలేదు.

హాస్టల్‌కొచ్చాక ల్యాప్‌టాప్‌లో ఎన్ఎస్‌లుకప్ కొట్టా. మీరు చెప్పిన ఆ పై లైనులో అడ్రస్ 8.8.8.8 అని వచ్చింది. దీని అర్థం ఏంటి సార్? రెండేళ్ల కిందట నెట్ స్లోగా ఉందని నా రూమ్మేట్ ఏదో మార్చింది, అదేనా?

ఇంకో డౌట్. మన ఆధార్ నంబర్ ఒక అంకె తప్పు కొడితే వెంటనే తప్పు అని చూపిస్తుంది కదా. వాళ్ల సిస్టమ్ నా 88ని ఎందుకు పట్టుకోలేదు?

పాత_సర్వర్_గది
మంగళవారం, ఉదయం 5:55

నేను అనుకున్నదే. 8, బీ తర్వాత ఎక్కువగా నన్ను ఏడిపించింది సున్నా, డీ జంట. అందుకే చివరి రోజుల్లో చేత్తో రాసిన మ్యాక్ తీసుకోవడం మానేసి, ప్రింట్ తీసి అంటించమనేవాణ్ని. జనం తిట్టుకున్నారు.

ఆధార్ పోలిక మంచిది. అవీ పన్నెండే, ఇవీ పన్నెండే. కానీ ఆధార్‌లో చివరి అంకె ఊరికే వచ్చింది కాదు, మిగతా పదకొండు అంకెలతో లెక్క కట్టి పెట్టింది. ఒక అంకె మారితే లెక్క కుదరదు, దొరికిపోతుంది. మ్యాక్‌లో అలాంటి కాపలా అంకె లేదు. సున్నా నుంచి తొమ్మిది వరకు, ఏ నుంచి ఎఫ్ వరకు ఏది రాసినా అది ఎక్కడో ఒక కార్డుకి చెల్లుబాటయ్యే అడ్రసే. సర్వర్ దృష్టిలో నీ 88 కూడా ఒక నిజమైన మిషన్, ఇంకా ఆన్ కాలేదంతే. పాపం అది రెండు వారాలుగా ఎదురుచూస్తోంది.

8.8.8.8 సంగతి. అది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్. మంచిదే, బయటి సైట్లన్నిటికీ పనికొస్తుంది. కానీ కల్యాణి పేరు మీ క్యాంపస్ లోపలి రిజిస్టర్‌లో మాత్రమే ఉంది, బయటివాళ్లకి చూపించరు. నువ్వేమో లీలామహల్ సెంటర్లో నిలబడి, దారినపోయే అమెరికా ఆయన్ని పట్టుకుని "మా హాస్టల్లో వార్డెన్ గది ఎక్కడండీ" అని అడుగుతున్నావు. ఆయన నిజాయితీగా తెలియదన్నాడు. ల్యాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్‌కి పోయి డీఎన్ఎస్ ఆటోమేటిక్ అని పెట్టు. బ్రౌజర్లో కూడా సెక్యూర్ డీఎన్ఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది బయటి సర్వర్‌కి పెట్టి ఉంటే బ్రౌజర్‌లో పేర్లు అప్పుడు కూడా దొరక్కపోవచ్చు. ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ ఒకసారి కొట్టు. ఎందుకంటే 'ఆ పేరు లేదు' అన్న జవాబుని కూడా మిషన్ కాసేపు గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు సెంటర్‌కి పోయి ఒకే అక్షరం మార్చమను. కొత్త ఫారం అడిగితే ఫొటో చూపించి మర్యాదగా చెప్పు, మారుస్తారు. మార్చాక నీ పీసీ కేబుల్ ఒకసారి పీకి పెట్టినా, ఐపీకాన్ఫిగ్‌లో రిలీజ్, రెన్యూ కొట్టినా 45 వచ్చేస్తుంది. అక్కడ ఉన్నప్పుడే ఇంకోటి అడుగు. హాస్టల్ నెట్‌వర్క్ నుంచి ల్యాబ్ నెట్‌వర్క్‌కి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, 3389, తెరిచి ఉందా అని. చాలాచోట్ల మధ్యలో రాకపోకల్ని ఆపే ఫైర్‌వాల్ ఉంటుంది. ఇది అడగకపోతే ఎల్లుండి మళ్లీ అదే కౌంటర్ ముందు నిలబడతావు. బయటి ఇంటర్నెట్‌కి మాత్రం ఆ పోర్టు తెరవమని అడగొద్దు, వాళ్లు తెరుస్తామన్నా వద్దను. ప్రపంచంలో పనిలేనివాళ్లంతా వచ్చి పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తుంటారు. సంక్రాంతికి పాకాల వెళ్లినప్పుడు చూసుకోవాలంటే బయటి నుంచి క్యాంపస్ నెట్‌వర్క్ లోపలికి రానిచ్చే వీపీఎన్ అకౌంట్ ఉందేమో కనుక్కో. 10తో మొదలయ్యే అడ్రస్ క్యాంపస్ గోడ దాటి కనపడదు.

నీ పీసీలో విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే రిమోట్ డెస్క్‌టాప్‌లో దానిలోకి పోలేవు, ప్రో కావాలి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ తీసెయ్. పీసీ నిద్రపోయిందంటే ఎంత మంచి పేరున్నా పలకదు. మన ఊరి కరెంటు సంగతి తెలుసు కదా, బయోస్‌లో కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అదీ పెట్టుకో. ఒక హెచ్చరిక. విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు. 45 వచ్చాక కూడా టైమ్‌డ్ అవుట్ అంటే కంగారుపడకు, నేరుగా రిమోట్ డెస్క్‌టాప్‌తో పోయి చూడు.

నీ ఫారం కథ వింటుంటే ఒకటి గుర్తొచ్చింది. డీఎన్ఎస్ రాకముందు మొత్తం నెట్‌వర్క్‌కి పేర్ల పట్టిక ఒకే ఒక ఫైలు. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫెయిన్లర్ అనే ఆవిడ, ఆమె మనుషులు దాన్ని చూసేవాళ్లు. కొత్త మిషన్ వస్తే వాళ్లకి చెప్పాలి, వాళ్లు ఎక్కించాలి, మిగతావాళ్లు ఫైలు దింపుకోవాలి. మిషన్లు పెరిగేసరికి అది కుదరక 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ తయారుచేశాడు. ఆ పాత ఫైలు హోస్ట్స్ అనే పేరుతో నీ విండోస్‌లో ఇప్పటికీ ఉంది. మరీ అర్జెంటైతే ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్లో 45, కల్యాణి అని ఒక లైను రాసుకుని కాలక్షేపం చేయొచ్చు. కానీ రాసిన సంగతి మరిచిపోతావు, మళ్లీ ఎప్పుడో అడ్రస్ మారితే ఇదే గొడవ.

రేణిగుంట_రాజు
మంగళవారం, ఉదయం 9:30

సార్, మీరు ఒక ఛానల్ పెట్టండి సార్.

పాకాల_జంక్షన్
శుక్రవారం, రాత్రి 10:20

చెప్పడం ఆలస్యమైంది, క్షమించండి.

బుధవారం సెంటర్‌కి పోయా. ఈసారి మ్యాక్ అడ్రస్ పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి పట్టుకుపోయా. కౌంటర్లో ఆయన పాత ఫారం తీసి, నా బీని కాసేపు చూసి, "ఇది ఎనిమిదే మేడం" అన్నారు. ప్రింట్ పక్కన పెట్టి చూపించా. నవ్వి, అప్పటికప్పుడు మార్చేశారు. కొత్త ఫారం అడగలేదు. హాస్టల్ నుంచి పోర్టు తెరవడానికి మాత్రం గైడ్ నుంచి ఒక మెయిల్ కావాలన్నారు, అది నిన్న వచ్చింది. మా పీసీలో ప్రో ఎడిషనే ఉంది, బతికిపోయా. డీఎన్ఎస్ ఆటోమేటిక్ పెట్టాక నెట్ స్లో అయిందని రూమ్మేట్ గొణుగుతోంది, నాకైతే తేడా తెలియడం లేదు.

మీరు చెప్పినట్టే పింగ్ ఇంకా టైమ్‌డ్ అవుట్ అంటోంది. ముందే చెప్పి ఉండకపోతే ఇప్పుడు మళ్లీ ఏడుస్తూ ఇక్కడికొచ్చేదాన్ని.

ఇవాళ రాత్రి 9:40కి మంచం మీద కూర్చుని కల్యాణి అని కొట్టా. నా డెస్క్‌టాప్ వాల్‌పేపర్ కనిపించింది, తలకోన జలపాతం ఫొటో. మోడల్ 8:15కే ఆగిపోయి ఉంది. ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయా. మూసి, మళ్లీ రన్ చేసి వచ్చా. ఇప్పటికి పన్నెండు శాతం అయింది.